అభ్యాసం కాస్త కష్టంగానే ఉండాలి

మల్టిపుల్ స్క్లిరోసిస్ అనగానే అందరి కళ్లూ కాళ్ల మీదికే పోతాయి. నడక తడబడుతోందా, చూపు మసకబారిందా అని అడుగుతారు. చెప్పిన మాట గుర్తుంటోందా అని అడిగేవాళ్లు తక్కువ. 1868లో పారిస్ వైద్యుడు షార్కో ఈ జబ్బు గురించి చెబుతూ, జ్ఞాపకశక్తి సన్నగిల్లడాన్ని కూడా ప్రస్తావించాడు. ఈ జబ్బున్నవాళ్లలో దాదాపు సగం మందికి ఆ ఇబ్బంది ఉంటుంది. నరాల మీది మైలిన్ పొర దెబ్బతింటే సంకేతాలు మెదడులో నెమ్మదిగా సాగుతాయి. అందుకే చాలామందిలో ముందు తగ్గేది ఆలోచన వేగం. ఇంట్లోవాళ్లేమో "ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని విసుక్కుంటారు. ఆ విసుగు మానండి. ఒక్కో మాటా నిదానంగా, టీవీ ఆపేసి చెప్పండి.

జ్ఞాపకశక్తికి పదును పెట్టే అభ్యాసాలున్నాయి. కానీ హైదరాబాద్ పక్కనున్న జన్వాడ లాంటి ఊరి నుంచి పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రికి వెళ్లి రావాలంటే ఒక పూట అయిపోతుంది. ఎండాకాలమైతే మరీ కష్టం. ఒళ్లు వేడెక్కిందంటే ఈ జబ్బు లక్షణాలు కాసేపు ముదురుతాయి. వారం వారం మెదడు అభ్యాసం కోసం ఆ దారి పట్టడం అయ్యే పని కాదు. మందులకూ పరీక్షలకూ ఆసుపత్రికి వెళ్లక తప్పదు, అభ్యాసం మాత్రం ఇంట్లోనే చేసుకోవచ్చు.

అయితే ఫోన్‌లో ఏదో ఒక ఆట ఆడితే సరిపోతుందనుకోకండి. 2017లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన ఈ విషయం తేల్చింది. 135 మంది పేషెంట్లు 12 వారాల పాటు ఇంటి దగ్గరే కంప్యూటర్ ముందు కూర్చున్నారు. కొందరికి మామూలు ఆటలు, మిగతావాళ్లకు వాళ్ల సత్తాను బట్టి కష్టం పెరుగుతూ పోయే అభ్యాసాలు ఇచ్చారు. ఎక్కువ గంటలు కూర్చున్నది ఆటల వాళ్లే. పరీక్షల్లో ఎక్కువ మెరుగుపడింది మాత్రం అభ్యాసాలు చేసినవాళ్లు. పైగా వారానికోసారి ఫోన్ చేసి పలకరించేవాళ్లున్నారు. నా దృష్టిలో ఆ ఫోన్ చిన్న విషయం కాదు. మీ తమ్ముడికో, కూతురికో ఆ బాధ్యత అప్పగించండి. మల్టిపుల్ స్క్లిరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాద్ శాఖ ఉంది, ఇదే జబ్బుతో బతుకుతున్నవాళ్లు అక్కడ పరిచయమవుతారు.

పరీక్షలో వచ్చిన మార్కు వంటింట్లో పనికొస్తుందన్న భరోసా లేదు. కాబట్టి రోజూ చేసే పనినే అభ్యాసంగా మార్చుకోండి. అంగడికి పోవాలి. పాలకూర, గుడ్లు, టమాటా, సబ్బు, అగ్గిపెట్టె, అల్లం తేవాలి. చీటీ రాసి జేబులో పెట్టుకోండి. ఇప్పుడు ఒక కథ అల్లండి: పాలకూర మడిలోకి కోడి దూరి గుడ్డు పెట్టింది. గుడ్డు దొర్లి టమాటా గంపకు కొట్టుకుంది. రసం చింది చీర మీద పడితే సబ్బు పెట్టి ఉతికారు. అలసిపోయి, అగ్గిపుల్ల గీసి పొయ్యి ముట్టించి అల్లం చాయ్ పెట్టుకున్నారు. కళ్లు మూసుకుని దాన్నంతా బొమ్మకట్టినట్టు చూడండి. పావుగంటయ్యాక ఇంట్లో ఎవరికైనా అప్పజెప్పండి. ఆరూ వచ్చేస్తుంటే ఏడోది చేర్చండి, నాలుగే వస్తుంటే ఐదుకు దిగండి. ఇలా కథ అల్లి గుర్తుపెట్టుకునే పద్ధతిని న్యూజెర్సీలోని కెస్లర్ ఫౌండేషన్ పరిశోధకులు 10 విడతల్లో నేర్పించి, కొత్త విషయాలు నేర్చుకునే శక్తి పెరిగిందని 2013లో చూపించారు.

తర్వాతి మెట్టు అంతరాయం. అవధాని పద్యం నడిపిస్తుంటే అప్రస్తుత ప్రసంగి మధ్యలో దూరుతాడు కదా, అలా మీ కథ మధ్యలో మనవడిని ఏదో ఒకటి అడగమనండి. వాడికి జవాబిచ్చి, ఆపిన చోటి నుంచి అందుకోండి. మొదటి రోజే దీని జోలికి పోవద్దు.

పొద్దున్నే, ఎండెక్కకముందే కూర్చోండి. ఇరవై నిమిషాలు చాలు. అలసట వస్తే ఆపేయండి, ఈ జబ్బులో అలసట బద్ధకం కాదు. రాత్రి నిద్ర పట్టకపోయినా, మనసు దిగులుగా ఉన్నా జ్ఞాపకం తగ్గుతుంది. డాక్టరుకు ఆ సంగతీ చెప్పండి, అభ్యాసం దానికి మందు కాదు. పనులు గుర్తుచేసేలా ఫోన్‌లో అలారాలు పెట్టుకోవడానికి మొహమాటపడొద్దు.

నాలుగైదు రోజుల్లోనే ఉన్నట్టుండి మతి బాగా మందగిస్తే, జ్వరం గానీ మూత్రంలో మంట గానీ ఉన్నాయేమో చూసుకోండి. అభ్యాసం పెంచే సమయం కాదది. ఆ రోజే మీ న్యూరాలజిస్టుకు ఫోన్ చేయండి.