మంచినీటి లాంప్రేలు: భౌగోళిక విస్తరణ, గుర్తింపు

లాంప్రేలు దవడలు, జత వాజాలు, పొలుసులు లేని ప్రాచీన సకశేరుకాలు. మృదులాస్థితో కూడిన అస్థిపంజరం, తలకు ఇరుపక్కలా ఏడేసి మొప్ప రంధ్రాలు, తలపై ఒకే నాసికా రంధ్రం, ప్రౌఢ దశలో కెరాటిన్ దంతాలు గల గుండ్రని చూషక ముఖం వీటి ప్రధాన లక్షణాలు. పాము వంటి దేహాన్ని మాత్రమే చూసి విద్యార్థులు వీటిని ఈల్ చేపలుగా పొరబడుతుంటారు. తెలుగు ప్రాంతాల్లో లభించే మలుగుపాము, బొమ్మిడాయి రెండింటికీ దవడలు, ఉరోవాజాలు, ఒక్కో పక్కన ఒక్కటే మొప్ప ద్వారం ఉంటాయి. భారతీయ నదుల్లో లాంప్రేలు లేవు.

ఈ లేమికి కారణం ఉష్ణోగ్రతలో ఉంది. నలభైకి పైబడిన లాంప్రే జాతులలో అత్యధికం ఉత్తరార్ధగోళపు పెట్రోమైజాంటిడే కుటుంబానికి చెందుతాయి. జియోట్రియా, మోర్డేషియా ప్రజాతులు ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాల చల్లని ప్రాంతాలలో కనిపిస్తాయి. జియోట్రియా న్యూజిలాండ్‌లోనూ ఉంది. నడుమనున్న ఉష్ణమండలం దాదాపు ఖాళీ. అమ్మోసీట్ అనే డింభకం ఏళ్ల తరబడి వాగు ఒండ్రులో కూరుకొని, నీటిలోని సూక్ష్మ ఆహారాన్ని వడకట్టుకొని జీవిస్తుంది. నీరు సుమారు 30 డిగ్రీల సెల్సియస్ దాటితే అది బతకడం కష్టం. మెక్సికోలోని లెర్మా నదీ పరీవాహకంలో టెట్రాప్లూరోడాన్ ప్రజాతి ఉన్నా, అది ఎత్తైన పీఠభూమి. కనుక ఆ మినహాయింపు సూత్రాన్ని బలపరచేదే.

జాతి నిర్ణయం ప్రౌఢజీవిలో కొంత సులభం: దంతాల అమరిక, పృష్ఠవాజాల సంఖ్య, దేహ పరిమాణం చూస్తే చాలావరకు తేలుతుంది. కళ్లు చర్మం కింద దాగి, దంతాలు లేని అమ్మోసీట్‌లలోనే చిక్కు. వీటిలో మొండెపు కండర ఖండాలను లెక్కించి, తల, తోక భాగాల వర్ణక విన్యాసాన్ని పరిశీలించాలి. అయినా ఐరోపాలోని లాంపెట్రా ఫ్లూవియాటిలిస్, లాంపెట్రా ప్లానెరి డింభకాలు రూపంలో వేరుపడవు. మొదటిది సముద్రానికి వెళ్లి పరాన్నజీవిగా ఎదిగి 30 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది; రెండవది వాగులోనే ఉండి, ప్రౌఢ దశలో ఏమీ తినక, గుడ్లు పెట్టి మరణిస్తుంది.

గుర్తింపులో పొరపాటు ఎంత ఖరీదైనదో ఉత్తర అమెరికా మహాసరస్సులు చూపుతాయి. నయాగరా జలపాతం అడ్డును తప్పించే వెల్లాండ్ కాలువ మీదుగా సముద్ర లాంప్రే, అంటే పెట్రోమైజాన్ మెరైనస్, పై సరస్సులకు చేరింది. 1921లో ఈరీలో, 1938 నాటికి సుపీరియర్‌లో కనిపించింది. లేక్ ట్రౌట్ చేపల పరిశ్రమ కుప్పకూలింది. సుమారు 6,000 రసాయనాలను పరీక్షించాక ఎంపికైన టి.ఎఫ్.ఎం. అనే డింభక నాశినిని 1958 నుంచి వాగుల్లో వాడుతున్నారు. ఈ మందు ఇతర చేపలను చాలావరకు విడిచిపెట్టినా, స్థానిక లాంప్రేల డింభకాలను మాత్రం విడిచిపెట్టదు. కాబట్టి మందు వేయక ముందే వాగులోని డింభకాలు ఏ జాతివో తేల్చుకోవాలి. ఇక్కడ మొప్ప రంధ్రాలు లెక్కించి ఊరుకోవడం చాలదు. పృష్ఠవాజం నడుమ నొక్కుతో ఒకటిగా సాగితే అది స్థానిక ఇక్తియోమైజాన్. రెండు వాజాలుంటే సముద్ర లాంప్రే కావచ్చు, స్థానికమైన అమెరికా వాగు లాంప్రే కూడా కావచ్చు. ఆ రెండింటినీ వేరుచేయడానికి వర్ణక విన్యాసాన్నే ఆశ్రయించాలి.