వాకిలి దాటిన చీపురు

కృష్ణాజిల్లాలో విజయవాడనుండి అవనిగడ్డకు పోవు త్రోవలో చల్లపల్లి యను గ్రామము కలదు. పూర్వము జమీందారులు నివసించిన కోట యిచ్చట నున్నది. ఇచ్చటినుండి దక్షిణముగా సాగి పులిగడ్డ దాటినచో దివిసీమ. పంటకాలువలు, వరిచేలు చుట్టును గల ఈ గ్రామమునకు ఇటీవలి కాలమున పేరు తెచ్చినది కోట కాదు, చీపురు.

తెలుగు పల్లెలలో చీపురునకు ప్రాచీనమైన స్థానము కలదు. తెల్లవారకముందే ఇల్లాలు లేచి, వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేయును. శుభ్రమైన గుమ్మములోనికే లక్ష్మీదేవి వచ్చునని పెద్దల నమ్మకము. ఇంటిల్లిపాదియు నిదుర లేచునప్పటికి ఆ పని ముగిసియుండును గనుక దాని నెవ్వరును చూడరు. చూడని పనికి మెప్పు ఎక్కడిది? ఆమె యొకనాడు జ్వరముతో మంచము పట్టినప్పుడు గదా, బోసిపోయిన వాకిలి చూచి ఇంటివారికి ఆమె విలువ తెలియుట! అయితే ఈ ఆచారములో ఒక లోపము లేకపోలేదు. వాకిట ఊడ్చిన చెత్త చాలచోట్ల వీధిలోనికే పోవుచుండెను. వాకిలి లక్ష్మిది; వీధి యెవ్వరిదియు కాదు.

మహారాష్ట్రమున గాడ్గే బాబా (1876–1956) అను సాధువు వీధిని గూడ దేవుని వాకిలిగానే యెంచెను. ఏ యూరికి పోయినను ఆయన మొదట చీపురు పట్టి వీధు లూడ్చెడివాడు. రాత్రివేళ జనులను చేర్చి కీర్తనలు చేసెడివాడు. పండరిపురము మొదలగు క్షేత్రములలో యాత్రికులకు ధర్మశాలలు కట్టించెను. గాంధీజీ 1901లో కలకత్తా కాంగ్రెసు సభకు పోయినప్పుడు అచ్చటి మరుగుదొడ్ల దుస్థితి చూచి, చీపురు తెప్పించుకొని తానే శుభ్రపరచెను. అది తమ పని కాదని అచ్చటి స్వచ్ఛంద సేవకులు తప్పించుకొనిరి.

చల్లపల్లిలో 2014వ సంవత్సరము నవంబరు మాసమున ఇట్టి పని మొదలయ్యెను. వైద్య దంపతులైన డాక్టరు డి. ఆర్. కె. ప్రసాదు, డాక్టరు టి. పద్మావతి దీనికి ముందు నిలిచిరి. స్వచ్ఛ చల్లపల్లి యని దానికి పేరు. రైతులు, వర్తకులు, ఉద్యోగులు, పదవీ విరమణ చేసిన పెద్దలు, గృహిణులు తెల్లవారకముందే ఒకచోట చేరి, చీపుళ్లు, పారలు, దంతెలు పట్టి, ఆనాటికి నిర్ణయించుకొన్న వీధిని శుభ్రపరచిరి; బాటల ప్రక్కల మొక్కలు నాటిరి; శ్మశానవాటికను గూడ విడువక బాగుచేసిరి. పని ముగిసిన పిమ్మట కాఫీ త్రాగుచు మరునాటి పనిని గూర్చి మాటలాడుకొనిరి. సంవత్సరములు గడచినను ఈ వాడుక సాగెను.

మొదటి దినమున ఊడ్చుట కష్టము కాదు. ఉత్సాహము చేతులను నడిపించును. కష్టమైనది రెండవ దినము. నిన్న అద్దమువలె నుంచిన చోటనే నేడు ఎంగిలి విస్తళ్లు, కాగితములు పడియుండును. పారవేసినవాడు పరుల యూరివాడు కాడు. తెలిసినవాడే, ఒక్కొక్కప్పుడు చుట్టమే. అతనితో జగడమాడినచో చీపురు నిలిచిపోవును. మాటాడక మరల ఊడ్చుటకు కావలసిన ఓర్పు ఒంటరివానికి రాదు. ప్రక్కన మరియొకని పార చప్పుడు వినబడుచున్నప్పుడు వచ్చును.

పనికి వచ్చినవారి కది యేమి యిచ్చినది? కూలి లేదు, పదవి లేదు. ఉద్యోగము విడిచిన పెద్దకు, ఇక నాతో ఎవరికి పని యన్న దిగులు సహజము. అట్టివానికి ఇచ్చట దంతె సిద్ధముగా నుండును; అతడు రానినాడు ఏమైనాడని అడుగువారుందురు. భార్యాభర్తలు ఒకే గంపను చెరియొక ప్రక్క పట్టి మోయుదురు. పుట్టినదినమునకు, పెండ్లిదినమునకు, గతించిన పెద్దల స్మృతికి విరాళ మిచ్చు కుటుంబములు గూడ నేర్పడెను. ఇంటి వేడుక వీధి మొక్కకు నీరైనది.

ఇచ్చట ఒక మాట మరువరాదు. ఇష్టముతో గంటసేపు ఊడ్చుట వేరు. జీవనోపాధికై దినమంతయు ఊడ్చుట వేరు. కొందరి కులమును చూపి తరతరములుగా ఈ పనిని వారికే అంటగట్టి, పిమ్మట ఆ పని చేయుదురని వారినే దూరముంచిన దేశము మనది. చీపురు పట్టిన వైద్యుని మెచ్చుకొన్నంత సులభముగా పారిశుద్ధ్య కార్మికుని మెచ్చుకొనము.

తూర్పున వెలుగు వచ్చువేళకు సేవకులు చేతులు కడిగికొని ఇండ్లకు మరలుదురు. అప్పటికి వాకిండ్లలో కళ్ళాపి ఇంకను తడిగానే యుండును. ముగ్గు త్రొక్కకుండ ప్రక్కగా నడచి లోనికి పోవుదురు.