మూడు చక్రాల బండి – వెనుక సీటు భయం
– ఒక పూర్వ విద్యార్థి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా సైన్సు పాఠం రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు నాకు వెంటనే గుర్తుకొచ్చింది అపకేంద్ర బలం. పదో తరగతి స్టడీ అవర్‌లో ట్రంకు పెట్టె మీద పుస్తకం పెట్టుకొని ఆ పాఠాన్ని బట్టీ పట్టాను. పరీక్షలో మార్కులు బాగానే వచ్చాయి. ఆ బలం ఎలా ఉంటుందో నా నడుముకు తెలిసింది మాత్రం చాలా ఏళ్ల తర్వాత, కెనడాలో ఒక మోటారు సైకిలు వెనుక సీటు మీద. ఆ బండికి మూడు చక్రాలు.

ఉద్యోగరీత్యా నేను కొంతకాలం మాంట్రియల్‌లో ఉన్నాను. మా ఇంటి యజమాని, ఆయన భార్య ఇద్దరూ అరవై దాటినవాళ్లు. వయసులో ఉన్నప్పుడు పెద్ద మోటారు సైకిలు మీద ఊళ్లు తిరిగినవాళ్లు. ఆమెకు మోకాలి ఆపరేషన్ అయిన తర్వాత రెండు చక్రాల బండి వెనుక ఎక్కడానికి ధైర్యం చాలలేదు. ఆయనకూ రెడ్ లైటు దగ్గర అంత బరువును కాలితో ఆపడం కష్టమైంది. అందుకని స్పైడర్ ఆర్‌టీ అనే మూడు చక్రాల బండి కొన్నారు. ముందు రెండు చక్రాలు, వెనుక ఒకటి. మన ఆటోను తిరగేసినట్టు అనుకోండి.

దీన్ని తయారుచేసిన బీఆర్‌పీ కంపెనీది క్యుబెక్ రాష్ట్రంలోని వాల్‌కోర్ అనే చిన్న పట్టణం. జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అనే ఆయన ఆ ఊళ్లోనే మంచు మీద నడిచే బండ్లు తయారుచేశాడు. 1959లో వచ్చిన స్కీ-డూ అనే మంచుబండికి ముందు రెండు స్కీలు, వెనుక తిరిగే పట్టా ఉంటాయి. 2007లో స్పైడర్‌ను చూసినవాళ్లకు అది రోడ్డు మీదికి వచ్చిన మంచుబండిలాగే కనిపించి ఉండాలి. దూర ప్రయాణాలకు, ఇద్దరు కూర్చొని సామాను పెట్టుకొని వెళ్లేందుకు వీలుగా చేసిన ఆర్‌టీ రకం 2010 మోడలుగా వచ్చింది. అమెరికాలో హార్లే-డేవిడ్‌సన్ వాళ్లు 2009 మోడలుగా తెచ్చిన ట్రై గ్లైడ్‌కు మన ఆటోలాగే ముందు ఒకటి, వెనుక రెండు చక్రాలు.

ఒక ఆదివారం ఆయన నన్ను వెనుక కూర్చోమన్నాడు. వెనుక ఒరుగు ఉంది, రెండు పక్కలా పట్టుకోవడానికి పిడులు ఉన్నాయి, చలికాలానికి ఆ పిడులు వెచ్చబడతాయి కూడా. సోఫాలో కూర్చున్నట్టుంది. మొదటి మలుపు వచ్చేదాకా! ఎడమవైపు తిరగగానే ఎవరో నన్ను కుడివైపుకు తోసేసినట్టయింది. రెండు చేతులతో పిడులు బిగించి పట్టుకొని కళ్లు మూసుకున్నాను. దిగాక ఆయన భార్య నవ్వి, మొదటి నెల తానూ అంతేనని చెప్పింది.

ఎందుకలా అయింది? ఇప్పుడు పాఠంలోకి వద్దాం.

మలుపు తిరుగుతున్న బండిని గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్లతో పోతోందనుకోండి. మలుపు వ్యాసార్థం 20 మీటర్లు. వేగం వర్గాన్ని వ్యాసార్థంతో భాగిస్తే 100 / 20 = 5. అంటే మలుపు కేంద్రం వైపు త్వరణం 5 మీ/సె². ఇది గురుత్వ త్వరణంలో సగం. 60 కిలోల మనిషిని ఆ మలుపులో బండితోపాటు తిప్పాలంటే 300 న్యూటన్ల బలం కావాలి. అంటే సుమారు 30 కిలోల బస్తా పక్కకు లాగుతున్నంత. బయట నేల మీద నిలబడి చూసేవాడికి అది జడత్వం: మనిషి నేరుగా పోవాలనుకుంటాడు, బండి తిరిగిపోతుంది. బండిలో కూర్చున్నవాడికి అదే అపకేంద్ర బలంగా అనిపిస్తుంది. రెండూ ఒకే సంగతి, చూసే చోటు వేరు.

మరి రెండు చక్రాల మోటారు సైకిలు వెనుక కూర్చున్నప్పుడు ఆ 30 కిలోల బస్తా ఏమైపోతుంది? ఎక్కడికీ పోదు. అదే వేగానికి అదే మలుపులో మోటారు సైకిలు సుమారు 27 డిగ్రీలు లోపలికి వాలుతుంది. అలా వాలినప్పుడు మన బరువు, అపకేంద్ర బలం కలిసి ఏర్పడే ఫలిత బలం సరిగ్గా సీటులోకి దిగుతుంది. పక్కకు తోసినట్టుండదు, కొంచెం బరువెక్కినట్టుంటుంది అంతే. స్పైడర్, ట్రై గ్లైడ్, ఆటో వాలవు. కాబట్టి పక్కకు తోసే బలాన్ని సీటు, ఒరుగు, పిడులు, మన చేతులు, కాళ్లు కలిసి భరించాలి. రెండు చక్రాల బండి మీద కింద పడతామని భయం, మూడు చక్రాల బండి మీద పక్కకు జారిపోతామని భయం. మొదటి భయం ఆగినప్పుడు ఎక్కువ, రెండోది తిరిగినప్పుడు ఎక్కువ.

(ముందు రెండు చక్రాలూ వాలే బండ్లు కూడా ఉన్నాయి. ఇటలీ కంపెనీ పియాజియో 2006లో తెచ్చిన ఎంపీ3 స్కూటర్ అలాంటిదే. వాటి సంగతి ఇక్కడ వదిలేస్తున్నాను.)

ఇంకో తేడా ఉంది, దాన్ని ఏ లెక్కా చూపదు. నడిపేవాడికి హ్యాండిల్ చేతిలో ఉంటుంది. మలుపు ఎప్పుడు వస్తుందో, ఎంత తిప్పాలో అతనికి ముందే తెలుసు కనుక ఒళ్లు సిద్ధమై ఉంటుంది. వెనుక కూర్చున్నవారికి ఆ కబురు ఆలస్యంగా అందుతుంది. శ్రీశైలం ఘాట్ రోడ్డులో బస్సు డ్రైవర్‌కు వాంతి రాదు, వెనుక కూర్చున్న మనకు వస్తుంది. కారణం చాలావరకు ఇదే. మా యజమాని భార్య నాకు చెప్పిన చిట్కాలు మూడే. ఆయన భుజం మీదుగా, మలుపు ఎటుంటే అటు రోడ్డును చూడు. బయటివైపు పాదాన్ని పలక మీద గట్టిగా తొక్కి పట్టు. నడుము నుంచి పైభాగాన్ని కొంచెం లోపలికి వంచు. రెండోసారి కళ్లు తెరుచుకొని కూర్చున్నాను. బలం అదే 30 కిలోలు, భయం మాత్రం సగమైంది.

ఇక అసలు ప్రశ్న. బండి బోల్తా పడుతుందా?

మూడు చక్రాలు నేలను తాకే చోట్లను గీతలతో కలిపితే త్రిభుజం వస్తుంది. గరిమనాభి నుంచి ఫలిత బలం రేఖ ఆ త్రిభుజం లోపల నేలను తాకినంతసేపు బండి నిలుస్తుంది. బయటికి పోతే లోపలివైపు చక్రం లేస్తుంది. త్రిభుజం రెండు చక్రాల వైపు వెడల్పు, ఒంటి చక్రం వైపు ఇరుకు. అంటే బరువు రెండు చక్రాలకు దగ్గరగా ఉన్నకొద్దీ మంచిది, ఒంటి చక్రానికి దగ్గరైనకొద్దీ ప్రమాదం.

దీన్ని హాస్టల్లోనే చేసి చూడవచ్చు. అట్టముక్కను త్రిభుజంగా కత్తిరించి, మూడు మూలల్లో కొవ్వొత్తి మైనంతో మూడు సుద్దముక్కలు కాళ్లుగా అతికించండి. పైన ఒక రబ్బరును కూడా కొంచెం మైనంతో అంటించండి, లేకపోతే జారుతుంది. ఈ బల్లను నోటు పుస్తకం అట్ట మీద నిలబెట్టి, అట్టను పక్కకు మెల్లగా ఎత్తండి. రబ్బరు రెండు కాళ్ల వైపు ఉన్నప్పుడు ఎంత ఎత్తితే పడింది, ఒంటి కాలి వైపు ఉన్నప్పుడు ఎంతకు పడింది చూడండి. తేడా కంటికే కనిపిస్తుంది.

ఇప్పుడు ఆటోకు లెక్క వేద్దాం. అంకెలు సులువుగా ఉండేలా తీసుకున్నాను. ముందు చక్రానికి, వెనుక చక్రాలకు మధ్య దూరం 2 మీటర్లు. వెనుక చక్రాల మధ్య వెడల్పు 1.2 మీటర్లు. గరిమనాభి ముందు చక్రం నుంచి 1.5 మీటర్ల వెనుక, నేల నుంచి 0.6 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ చోట త్రిభుజం సగం వెడల్పు 0.6 × 1.5 / 2 = 0.45 మీటర్లు. దాన్ని ఎత్తుతో భాగిస్తే 0.75. అంటే పక్కకు తోసే త్వరణం గురుత్వ త్వరణంలో 0.75 వంతు దాటితే చక్రం లేస్తుంది. 20 మీటర్ల మలుపులో అది గంటకు దాదాపు 44 కిలోమీటర్ల వేగం.

అదే ఆటోలో డ్రైవర్‌కు అటొకరు, ఇటొకరు కూర్చున్నారు. మనకు తెలియని దృశ్యమా ఇది! పైన సామాను కూడా ఉంది. గరిమనాభి ముందుకు జరిగి 1.2 మీటర్ల దగ్గరికి వచ్చింది, ఎత్తు 0.65 అయింది. లెక్క మళ్లీ వేస్తే 0.75 కాస్తా 0.55కు పడిపోతుంది. వేగం 37 కిలోమీటర్లు దాటితే చక్రం లేస్తుంది. ఇది స్ప్రింగులు లేని, గుంతలు లేని కాగితం మీది ఆటో. నిజం ఆటో అంతకంటే ముందే లేస్తుంది. మలుపులోకి వెళ్లాక బ్రేకు వేస్తే బరువు ఇంకా ముందుకు, ఒంటి చక్రం వైపు తూలుతుంది. నేను ఇంటర్ చదివే రోజుల్లో పరీక్షకు వెళ్తూ అలా డ్రైవర్ పక్కన సగం తొడ మీద వేలాడుతూ కూర్చున్నాను. మా ఆటో కాలువ గట్టు మలుపులో పక్కకు ఒరిగిపోయింది. నా రూమ్మేట్‌కు మణికట్టు విరిగింది. ఆ రోజు కెమిస్ట్రీ పరీక్ష వాడు ఎడమ చేత్తో రాశాడు. మేమంతా గుంతను తిట్టాం, డ్రైవర్‌ను తిట్టాం. ఎవరు ఎక్కడ కూర్చున్నామన్నది ఎవరికీ తట్టలేదు.

ముందు ఒంటి చక్రం ఉన్న బండ్ల కష్టం అమెరికా వాళ్లూ చూశారు. పొలాల్లో, ఇసుకలో నడిపే మూడు చక్రాల చిన్న బండ్లతో ప్రమాదాలు ఎక్కువై, 1988లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని కంపెనీలు అక్కడ వాటి అమ్మకం మానేశాయి. చక్రాల అమరిక ఒక్కటే కారణం కాదు గానీ అదీ ఒక కారణం.

స్పైడర్‌లో ఇదంతా తిరగబడుతుంది. బ్రేకు వేస్తే బరువు ముందుకు, రెండు చక్రాల వైపే వెళ్తుంది కాబట్టి బండి ఇంకా గట్టిగా నిలుస్తుంది. బ్రేకు కూడా చేతి దగ్గర లేదు, కాలి కింద ఒక్క పెడల్ తొక్కితే మూడు చక్రాలకూ పడుతుంది. అయితే వెనుక మనిషి కూర్చునేది ఒంటి చక్రానికి దగ్గరగా, డ్రైవర్ కంటే కొంచెం ఎత్తులో. అంటే ఆటోలో వెనుక కూర్చున్నవారు బండికి మేలు చేస్తే, స్పైడర్‌లో వెనుక కూర్చున్నవారు కొంచెం కీడు చేస్తారు. దాన్ని తట్టుకోవడానికే ముందు చక్రాలను అంత దూరంగా పెట్టారు. బండి వెడల్పు సుమారు ఒకటిన్నర మీటరు. పైగా బాష్ కంపెనీతో కలిసి చేసిన స్థిరత్వ వ్యవస్థ ఉంది. బండి తిరగవలసినదానికంటే ఎక్కువ తిరుగుతోందా, లోపలి చక్రం తేలికవుతోందా అని సెన్సార్లు కనిపెడుతూ, అవసరమైతే ఇంజను శక్తిని తగ్గించి ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేస్తాయి. అది బండిని కాపాడుతుంది. వెనుక కూర్చున్నవారి నడుమును మాత్రం పిడులే కాపాడాలి.

సుఖం గురించి ఒక మాట. మూడు చక్రాల బండి రోడ్డు మీద మూడు దారులు తొక్కుతుంది. మోటారు సైకిలు మీద గుంతను తప్పించవచ్చు. ఆటోలో పక్క చక్రాలను తప్పిస్తే మధ్య చక్రం దిగుతుంది. కూర్చున్న మనిషిని ఎక్కువగా బాధించేవి సెకనుకు 4 నుంచి 8 సార్లు పైకీ కిందికీ ఊపే కుదుపులు. పాదాలు కమ్మీ మీద వేలాడకుండా పలక మీద పూర్తిగా ఆనితే కుదుపులో కొంత భాగాన్ని కాళ్లు తీసుకుంటాయి, వెన్నుకు తగ్గుతుంది. మా యజమాని దంపతులు గంటకోసారి దిగి నడిచేవారు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మణికట్టు విరిగిన ఆ రూమ్మేట్‌కు చిన్నప్పుడే పోలియో వల్ల ఒక కాలు సన్నబడింది. ఇప్పుడు వాడు వెనుక అటూ ఇటూ చిన్న చక్రాలు బిగించిన స్కూటర్ నడుపుతాడు. లెక్కకు నాలుగు చక్రాలైనా ఊళ్లో అందరూ దాన్ని మూడు చక్రాల బండనే అంటారు. ఒకరోజు ఫోన్ చేసి, "ఒరే, మీ చెల్లెమ్మ నా బండి ఎక్కనంటోందిరా. మలుపులో తోసేస్తోందట. నాకు నడపడం రాదంటోంది" అన్నాడు. గొంతులో నవ్వు లేదు. ఆమె రోజూ కూలికి రెండు కిలోమీటర్లు నడిచిపోతోంది, వాడు అదే దారిన ఖాళీ సీటుతో పోతున్నాడు.

నడపడం రాక కాదురా, బండి వాలదు కనుక అని చెప్పి ఈ లెక్కంతా ఫోన్‌లోనే వినిపించాను. మలుపుకు ముందే వేగం తగ్గించు, లోపలికి వెళ్లాక బ్రేకు ముట్టుకోకు అన్నాను. 36 బదులు 18లో తిరిగితే ఆమె మీద పడే 30 కిలోలు ఏడున్నర అవుతుంది, ఎందుకంటే వేగం సగమైతే బలం నాలుగో వంతు. సరుకుల సంచి ముందు కాళ్ల దగ్గర కాకుండా వెనుక చక్రాల మీదికి మార్చమన్నాను. ఆమె పక్కకు కూర్చుంటోందట. రెండువైపులా కాళ్లు వేసి కూర్చుంటే మేలన్నాను. చీరతో కుదరదంది. అయితే సీటు వెనుక, పక్కన పట్టుకోవడానికి కమ్మీ, పాదాలు రెండూ ఆనేలా పలక పెట్టించమన్నాను.

వెల్డింగ్ షాపులో రెండూ పెట్టించాడు. పోయిన సంక్రాంతికి వాళ్ల ఊరు వెళ్లినప్పుడు ఇద్దరూ ఆ బండి మీదే బస్టాండుకు వచ్చారు. ప్రతి మలుపుకూ ముందు వాడు "ఎడమ" అనో "కుడి" అనో గట్టిగా అరుస్తాడు. వీధిలో పిల్లలు వాడి వెనుక అదే అరుస్తున్నారు.