కాథోడ్ గట్టిగా ఉంటేనే బండికి ఆయుష్షు

ఎలక్ట్రిక్ స్కూటర్ కొనేముందు అందరూ అడిగేది రెండే ప్రశ్నలు: ఒక ఛార్జ్‌కి ఎంత దూరం పోతుంది? బ్యాటరీ అంటుకోదు కదా? ఈ రెండిటికీ జవాబు చాలావరకు కాథోడ్‌లోనే ఉంది.

ముందు పేరు సంగతి. స్కూల్లో విద్యుద్విశ్లేషణ పాఠంలో కాథోడ్ అంటే ఋణధ్రువం అని చదివాం. కరెంటు ఇస్తున్న బ్యాటరీలో మాత్రం అది ధనధ్రువం. తికమక పడనక్కర్లేదు, ఎలక్ట్రాన్లు వచ్చి చేరే చోటే కాథోడ్.

అందులో లోహ ఆక్సైడ్ పొరలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. మధ్యలో లిథియం అయాన్లు. ఛార్జ్ పెడితే అవి గ్రాఫైట్ వైపు వెళ్తాయి, బండి నడిస్తే తిరిగొస్తాయి. ఇలా వందలసార్లు తిరిగినా ఆ పొరలు చెదరకపోవడమే స్థిరత్వం.

1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడినఫ్ బృందం లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ను పరిచయం చేసింది. కోబాల్ట్ ఖరీదు, పైగా ఎక్కువ భాగం కాంగో గనులనుంచే రావాలి. అందుకని నికెల్, మాంగనీస్ కలిపారు. నికెల్ పెరిగేకొద్దీ బండి దూరం పోతుంది, కానీ మూడు చిక్కులు వస్తాయి:

1. నికెల్ అయాన్ సైజు లిథియంకి దగ్గర. ఖాళీ అయిన చోట్లోకి జరిగి దారికి అడ్డం పడుతుంది.
2. పొరలు సాగి కుంగడంవల్ల రేణువులు పగులుతాయి. పగుళ్లలోకి ఎలక్ట్రొలైట్ దూరి పాడుచేస్తుంది.
3. బాగా వేడెక్కితే ఆక్సిజన్ వదులుతుంది. ఆ ఎలక్ట్రొలైట్ మండే ద్రవం, ఇక నిప్పుకి అడ్డేముంది?

విరుగుళ్లూ ఉన్నాయి. రేణువులమీద అల్యూమినియం ఆక్సైడ్‌లాంటి పల్చటి పూత వేస్తారు. అల్యూమినియం, జిర్కోనియం చిటికెడు కలిపి పొరల్ని బిగిస్తారు. చిన్న స్ఫటికాల ముద్దకి బదులు ఒకే స్ఫటికంగా రేణువుని పెంచితే పగుళ్లు తగ్గుతాయి.

ఇంకో దారి ఐరన్ ఫాస్ఫేట్. 1997లో గుడినఫ్ బృందమే ప్రకటించింది. ఫాస్ఫరస్ ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుంటుంది, వేడికి తేలిగ్గా వదలదు. అదే బరువుకి శక్తి మాత్రం కొంత తక్కువ. ఇలాంటి పదార్థాలకి గుడినఫ్‌తో కలిసి బాట వేసిన అరుముగం మంథిరం మన తమిళనాడులో పుట్టి, మదురైలోనూ ఐఐటీ మద్రాసులోనూ చదివినవారు. 2019లో గుడినఫ్‌కి 97వ ఏట నోబెల్ వచ్చినప్పుడు, ఆయన తరఫున నోబెల్ ఉపన్యాసం ఇచ్చింది ఈయనే.

ఇంట్లో పనికొచ్చే మాట ఒకటి. ఫుల్ ఛార్జ్ అంటే కాథోడ్‌లోంచి లిథియం బాగా ఖాళీ అయినట్టు. అప్పుడే అది బలహీనం. కాబట్టి నికెల్ రకం బ్యాటరీ ఉన్న బండిని నూటికి నూరు నింపి ఎండలో వదిలేయకండి.