తొలి కొలువునకు పట్టణము పోవు బిడ్డ: నివాసపు పేట నెంచుకొనుట యెట్లు?

లెక్కలు మన పంచాయతీ సభ్యులకు క్రొత్తవి కావు. దుగ్గిరాల పసుపు యార్డునకు బస్తాలు తోలిన రైతు పాటలో పలికిన ధరను మాత్రమే చూచి సంతోషింపడు. బండి కిరాయి, హమాలీ, కమిషను, తరుగు పోగా చేతికి వచ్చిన సొమ్మెంతయో చూచుకొనును. కాని ఉద్యోగము దొరికి పట్టణమునకు పోవు బిడ్డ విషయమున మనము ఈ లెక్కను మరచుచున్నాము. "గది అద్దె యెంత?" అని అడిగి, తక్కువయని విన్నంతనే తృప్తి చెందుచున్నాము.

కొలకలూరు, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల గ్రామముల నుండి డిగ్రీ, డిప్లొమా, ఐ.టి.ఐ. చదువులు ముగించిన యువతీయువకులు విజయవాడకు, హైదరాబాదునకు, బెంగుళూరునకు తొలి కొలువునకై పోవుచున్నారు. కొందరికి ఆ నగరమున మేనమామయో, పినతండ్రియో ఉండును. దిగిన నాడే వారికి పడుకొనుటకు చోటు, ఒక పూట భోజనము, నాలుగు మంచి మాటలు దొరకును. ఇంటిలో మొట్టమొదట చదివినవారికి, కూలినాలి చేసి చదివించిన తల్లిదండ్రుల బిడ్డలకు అట్టి ఆధారము లేదు. వారు పేట నెంచుకొనుటలో పొరపడినచో మొదటి నెలల జీతము కరగిపోవును, అప్పు మిగులును. ఆడపిల్లయైనచో "ఇక చాలు, ఇంటికి రమ్ము" అను మాట వచ్చును. చేతికి వచ్చిన ఉద్యోగము చేజారును. కావున ఇది ఒక్క కుటుంబపు విషయము కాదు. గ్రామ పెద్దలు తెలిసికొనదగిన విషయము.

ఊరు విడువవలెనా?

మొదట వేసికొనవలసిన ప్రశ్న యిది. కొలకలూరునకు రైలు స్టేషను కలదు. అది విజయవాడ - తెనాలి మార్గమున దుగ్గిరాలకును తెనాలికిని నడుమ నున్నది. విజయవాడ ముప్పది కిలోమీటర్లకు లోపే. ఎక్స్‌ప్రెసు బండ్లు ఇచ్చట ఆగవు గనుక పాసింజరు బండ్ల వేళలను బట్టి లెక్క వేసికొనవలెను. ప్రతిదినము పోయివచ్చువారికి నెలవారీ సీజను టిక్కెట్టు విడి టిక్కెట్లకంటె చాల చౌక. ఆంధ్రప్రదేశ్‌లో నివసించు స్త్రీలకు 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెసు మున్నగు ఆర్టీసీ బస్సులలో ఛార్జీ లేని ప్రయాణము ఏర్పడినది.

పని వేళలు బండి వేళలతో సరిపడినచో కొన్ని నెలలు ఇంటినుండియే పోయివచ్చుట మేలు. ఆ నెలలలో మిగిలిన సొమ్ము తరువాత గది అడ్వాన్సునకు అక్కరకు వచ్చును. కాని రాత్రి షిఫ్టు కలిగినవారికి, బండి దిగిన పిమ్మట మరల రెండు ఆటోలు మారవలసినవారికి ఈ పద్ధతి పనికిరాదు. ఒక వారము స్వయముగా పోయివచ్చి చూచుకొనుటయే దీనికి పరీక్ష.

చేతికి వచ్చునది ఎంత?

ఉద్యోగపు కాగితముపై వ్రాసిన సంవత్సరపు మొత్తమును పండ్రెండుచే భాగించి, అదియే నెల జీతమనుకొనుట సాధారణమైన పొరపాటు. ఆ మొత్తములో యజమాని చెల్లించు భవిష్యనిధి భాగము కూడ పెక్కుచోట్ల చేరియుండును. ఉద్యోగి భాగముగా మూల వేతనము, కరువు భత్యములపై 12 శాతము భవిష్యనిధికి పోవును. నెలకు 21,000 రూపాయలు మించని జీతము గలవారికి ఇ.ఎస్.ఐ. క్రింద 0.75 శాతము తగ్గును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 15,000 రూపాయలు దాటిన జీతముపై నెలకు 150 రూపాయలు, 20,000 దాటినచో 200 రూపాయలు వృత్తి పన్ను కలదు. ఇవన్నియు పోగా మిగిలినదానినే ఆదాయముగా గ్రహింపవలెను.

అందులో అద్దెకు ఎంత పోవచ్చును? ఉద్యోగినుల వసతి గృహములకై కేంద్ర ప్రభుత్వము 1972-73లో ఒక పథకము నారంభించినది. నేడు దానిని సఖీ నివాస్ అనుచున్నారు. ఒంటరి గదికి జీతములో 15 శాతము, ఇద్దరుండు గదికి 10 శాతము, పెక్కుమంది యుండు హాలునకు ఏడున్నర శాతము మించి అద్దె తీసికొనరాదని ఆ పథకపు నిబంధనలలో విధించిరి. బయటి అద్దెలు ఈ కొలతకు లొంగవు. అయినను ఒంటరిగా నుండుట భారమనియు, తోడుతో నుండుట తేలికయనియు ఈ కొలత మనకు బోధించుచున్నది. ఆడపిల్లలు గల కుటుంబములు తాము పోవు నగరమున ఇట్టి వసతి గృహమున్నదేమో ముందుగా విచారింపవలెను.

అద్దె, దారి, కాలము

చవక పేట యనగా అద్దె తక్కువయైన పేట కాదు. అద్దె, దారి ఖర్చు, దారిలో పోవు కాలము, ఈ మూడును కలిపి తూచిన పిమ్మట తేలికగా నిలిచినదే చవక పేట. లెక్క కొరకు కొన్ని అంకెలను ఊహించుకొందము.

చేతికి 20,000 రూపాయలు వచ్చు ఒక యువకుడు కలడనుకొనుడు. నగరపు అంచున గది 5,000 రూపాయలకు దొరకినది. బస్సునకు, షేర్ ఆటోకు కలిపి దినమునకు 120 రూపాయలు. నెలకు 25 పని దినములకు 3,000 రూపాయలు. మొత్తము 8,000. రాకపోకలకు దినమునకు మూడున్నర గంటలు. కచేరికి చేరువగా, బస్సు మారనక్కరలేని చోట గది 7,000 రూపాయలు. దారి ఖర్చు దినమునకు 40 రూపాయల చొప్పున 1,000. మొత్తము 8,000. రాకపోకలకు గంటన్నర.

సొమ్ము రెండుచోట్లను సమానమే. కాని రెండవ గదిలో దినమునకు రెండు గంటలు, నెలకు 50 గంటలు మిగులును. ఆ గంటలలో వాడు అన్నము వండుకొనవచ్చును, మరియొక విద్య నేర్వవచ్చును, నిదురింపవచ్చును. దూరపు గదిలో నున్నవాడు అలసి వచ్చి హోటలు భోజనము చేయును గనుక ఖర్చు మరింత పెరుగును. ఇక రెండవ గదిని ఇద్దరు పంచుకొన్నచో ఒక్కొక్కరికి అద్దె 3,500, దారి ఖర్చు 1,000, మొత్తము 4,500 మాత్రమే. ఇంటికి నెలనెల కొంత పంపుటకు వీలు ఇచ్చటనే చిక్కును.

హైదరాబాదు ఉదాహరణము

మన ప్రాంతపు యువకులు హైదరాబాదు పోయినచో అమీర్‌పేటలోనో, కూకట్‌పల్లి హౌసింగు బోర్డు కాలనీలోనో దిగుట వాడుక. తెలిసినవారు అచ్చట నుందురు, హాస్టళ్లు కలవు, మన భోజనము దొరకును. దిగుటకు అది మంచిదే. అచ్చటనే స్థిరపడవలెనా యనునది కచేరి యెచ్చట నున్నదో దానినిబట్టి తేలవలెను.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు మాదాపూరు, గచ్చిబౌలి వైపు ఉద్యోగములు పెరిగినవి. మెట్రో రైలు 2017 నవంబరులో మొదలైనది. మియాపూరు నుండి కూకట్‌పల్లి, అమీర్‌పేట మీదుగా ఎల్.బి. నగర్ పోవునది ఒక మార్గము. నాగోలు నుండి అమీర్‌పేట, మాదాపూరు మీదుగా రాయదుర్గము పోవునది వేరొకటి. ఈ రెండును అమీర్‌పేటలో కలియును. కావున కూకట్‌పల్లిలో నుండి మాదాపూరునకు మెట్రోలో పోవువాడు అమీర్‌పేట వరకు చుట్టు తిరిగి పోవలెను. పటములో దగ్గరగా కనబడునది దారిలో దగ్గర కాకపోవచ్చుననుటకు ఇది నిదర్శనము. రాయదుర్గము దాటి పని గలవారు ఆపై బస్సో, ఆటోయో ఎక్కవలెను. 2003 ఆగస్టు నుండి నడుచుచున్న ఎం.ఎం.టి.ఎస్. బండ్లు లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ మీదుగా పోవును. వాటి టిక్కెట్టు చౌక, గాని బండికి బండికి ఎడమెక్కువ. మరియు హైటెక్ సిటీ యను పేరుతో ఎం.ఎం.టి.ఎస్. స్టేషనొకటి, మెట్రో స్టేషనొకటి వేరువేరు చోట్ల నున్నవి. క్రొత్తవారు పొరపడుదురు.

జీడిమెట్ల, బాలానగర్ కర్మాగారములలో పని దొరకిన ఐ.టి.ఐ. విద్యార్థికి ఈ మార్గములతో పని లేదు. కర్మాగారమునకు నడచి పోగల పేటయే అతనికి ఉత్తమము. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణము కలదు గాని అది ఆ రాష్ట్రపు నివాసులకే. ఆంధ్రప్రదేశ్ చిరునామా గల ఆధారు కార్డుతో పోవు మన ఆడపిల్ల బస్సు ఖర్చును లెక్కలో వ్రాసికొనవలెను.

పల్లపు పేటలు

అద్దె తక్కువగా నుండుటకు ఒక్కొక్కప్పుడు నీరు కారణము. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో అజిత్‌సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట మున్నగు పేటలు దినముల తరబడి నీటిలో నున్నవి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులోను పల్లపు కాలనీలు మునిగినవి. అట్టి పేటలలో ఉండరాదని మేము చెప్పము. వేలాది కుటుంబములు అచ్చట జీవించుచున్నవి. కాని క్రింది అంతస్తు గది తీసికొనుటకు ముందు, "వానకాలమున నీరెంతవరకు వచ్చినది?" అని ఎదుటి కిరాణా కొట్టువానిని అడుగవలెను. ఇల్లు గలవాడు చెప్పనిది కొట్టువాడు చెప్పును.

త్రాగునీరు మునిసిపాలిటీదా, బోరుదా? వేసవిలో ట్యాంకరు తెప్పించినచో ఖర్చు ఎవరిది? కరెంటునకు విడి మీటరు కలదా? దగ్గర మెస్సు గాని, కర్రీ పాయింటు గాని కలదా? అన్నము గదిలో వండుకొని కూర మాత్రము కొనుక్కొనుట పెక్కుమందికి లాభించినది. చిరునామా పత్రము లేనివారికిని అమ్ము 5 కిలోల గ్యాసు సిలిండరు ఇట్టివారికి ఉపయోగించును. ఉద్యోగము విడచి వచ్చు వేళకు బస్సు దిగు చోటినుండి గది వరకు ఒకమారు నడచి చూడవలెను. పగలు చూచిన వీధి రాత్రి అట్లే యుండదు. ఆపదలో పిలువవలసిన సంఖ్య 112 అని ఆడపిల్లలకు, మగపిల్లలకు కూడ చెప్పవలెను.

మొదటి నెల

మొదటి జీతము నెల గడచిన తరువాతనే వచ్చును. 7,000 రూపాయల గదికి రెండు నెలల అడ్వాన్సు 14,000, బ్రోకరుకు ఒక నెల అద్దె 7,000, మొదటి నెల అద్దె 7,000, అన్నియు కలిసి 28,000 రూపాయలు. గిన్నెలు, పరుపు, భోజనము వేరు. 20,000 జీతగానికి ఇది ఉద్యోగములో చేరకముందే పడు భారము. బెంగుళూరులో పది నెలల అద్దెను అడ్వాన్సుగా అడుగుట కూడ చిరకాలపు వాడుక. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నమూనా అద్దె చట్టము నివాసమునకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు కూడదన్నది. కాని అది నమూనా మాత్రమే. రాష్ట్రము తన చట్టముగా చేసికొన్న చోటనే అమలగును.

కావున మొదటి నెల హాస్టలులో నుండి, సెలవు దినములలో రెండుమూడు పేటలు కాలినడకన తిరిగి, తోడు కుదిరిన పిమ్మట గది తీసికొనుట మంచిది. హాస్టలులో చేరునపుడే, వెడలునపుడు అడ్వాన్సులో ఎంత తగ్గింతురో, ఎన్ని దినములు ముందు చెప్పవలెనో అడుగవలెను. గదికి కాగితము వ్రాసికొనుట మరువరాదు. ఏడాది మించిన కౌలు కాగితమును 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము రిజిస్టరు చేయింపవలెను గనుక 11 నెలల కాగితము వాడుకలోనికి వచ్చినది. అడ్వాన్సు ఎంత, తిరిగి యెప్పుడిత్తురు, సున్నమునకు ఎంత తగ్గింతురు, ఈ మూడును అందుండవలెను.

పంచాయతీ చేయదగిన పని

దీనికి నిధులు అక్కరలేదు. సంక్రాంతికి పట్టణములనుండి మన పిల్లలందరు ఊరికి వత్తురు. ఆ మూడు దినములలో ఒక సాయంకాలము పంచాయతీ కార్యాలయమున వారిని సమావేశపరచి, ఎవరు ఏ పేటలో నున్నారో, అద్దె, దారి, నీరు ఎట్లున్నవో చెప్పింపవలెను. అంగీకరించినవారి పేర్లు, ఫోను సంఖ్యలు ఒక పుస్తకములో వ్రాసి యుంచవలెను. ఒకే నగరమునకు పోవు ఇద్దరిని కలిపి పంపవలెను. మొదటి నెల సొమ్ము కొరకు తల్లి సభ్యురాలుగా నున్న పొదుపు సంఘమును ముందుగా అడిగి చూడుమని చెప్పవలెను. వడ్డీ వ్యాపారి గడప చివరిది కావలెను.

మరియొక మాట దాచరాదు. నగరములలో కులమును, మతమును అడిగి, ఖాళీ గదిని లేదనువారు నేటికిని కలరు. ఆ అవమానమును ఎదుర్కొను బిడ్డ ఒంటరిగా నున్నచో క్రుంగిపోవును. అందుచేత ఆ పుస్తకములో ఊరిలోని అన్ని పేటలవారి పేర్లును ఉండవలెను. ఏ పేటనుండి పోయిన బిడ్డయైనను ఏ పేటవారి సంఖ్యకైనను ఫోను చేయగలిగి యుండవలెను. చుట్టములు గలవారికి చుట్టములే చాలుదురు. లేనివారికి ఊరే చుట్టము కావలెను.

చర్చకు ప్రశ్నలు

1. మన గ్రామమునుండి ప్రతిదినము పట్టణమునకు పోయివచ్చుచు ఉద్యోగము చేయువారెందరు? వారికి ఏ బండి, ఏ బస్సు అనుకూలముగా నున్నది?

2. గత ఏడాది తొలి ఉద్యోగమునకు పోయి తిరిగి వచ్చినవారున్నారా? అద్దె, దారి, తోడు, వీనిలో ఏ లోపము వలన తిరిగి వచ్చిరి?

3. నగరములలో మనవారెవరును లేని కుటుంబములు ఏ వార్డులలో నున్నవి? వారి పిల్లలకు ఎవరు తోడ్పడగలరు?

4. రాబోవు సంక్రాంతి సమావేశమును జరుపు బాధ్యత ఏ సభ్యుడు స్వీకరించును?