ఆలస్యమైనా అమృతమే

శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ మండలంలోని ఎర్రమంచి ఒకప్పుడు మెట్టపొలాల నడుమ ఉన్న చిన్న పల్లె. 2019లో అక్కడ కియా కార్ల తయారీ మొదలైన తరువాత ఆ ఊరి పేరు దేశమంతటికీ తెలిసింది. కాలం ఎంత మారినా, ఇటువంటి పల్లెల అరుగులపై కొందరు వృద్ధుల చేతిలో బీడీ మాత్రం ఆరడం లేదు. మానమంటే “ఈ వయసులో మానితే ఎంత, మానకపోతే ఎంత?” అన్నదే వారి సమాధానం. ఇంటివారు సైతం “ఉన్నన్నాళ్ళూ తాగనీలే” అని ఊరుకుంటారు. ప్రేమతో అన్నదే అయినా ఆ మాట సత్యానికి దూరమైనది.

తెలుగునాట పొగాకుకు దీర్ఘచరిత్ర ఉంది. గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం శిష్యుడికి చుట్ట మహిమను బోధిస్తాడు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొనను నోటిలో ఉంచుకొని కాల్చే ‘అడ్డపొగ’ అంగిలి క్యాన్సరుకు దారితీస్తుంది. బీడీ సిగరెట్టుకంటె తేలికైనదనే నమ్మకమూ భ్రమయే. బీడీ ఆరిపోకుండా ఉండటానికి మాటిమాటికీ గట్టిగా పీల్చవలసి ఉంటుంది. అందువల్ల విషవాయువులు ఊపిరితిత్తులలోనికి లోతుగా చేరుతాయి.

వృద్ధాప్యంలో మానడం వ్యర్థమా? ఈ ప్రశ్నకు ఇంగ్లండులో జరిగిన ఒక పరిశోధన సమాధానమిచ్చింది. రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే శాస్త్రవేత్తలు 1951లో బ్రిటిష్ వైద్యుల ధూమపాన అలవాట్లను నమోదు చేయడం ప్రారంభించారు. 34,439 మంది పురుష వైద్యుల జీవితాలను యాభై ఏళ్ళు గమనించిన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. ముప్పై ఏళ్ళకే మానినవారికి సుమారు పదేళ్ళు, యాభై ఏళ్ళకు మానినవారికి ఆరేళ్ళు, అరవై ఏళ్ళకు మానినవారికి సైతం మూడేళ్ళ ఆయుర్దాయం కలిసివచ్చినట్లు తేలింది.

దీర్ఘవ్యాధి ఉన్నవారికి ఈ మేలు మరింత అవసరం. పొగ రక్తనాళాలను ఇరుకు చేస్తుంది. కాబట్టి మధుమేహం ఉన్నవారి కాలిపుండ్లు త్వరగా మానవు. గుండెజబ్బు ఉన్నవారికి మరల పోటు వచ్చే ముప్పు పెరుగుతుంది. ఆయాస రోగులకు కోల్పోయిన ఊపిరి తిరిగి రాకపోవచ్చు. కాని పొగ మానితే మిగిలిన శక్తి క్షీణించే వేగం తగ్గుతుంది. మానిన తరువాత కొన్ని మందుల మోతాదును మార్చవలసి రావచ్చు. అందుచేత ఆ సంగతి వైద్యునికి తెలపడం శ్రేయస్కరం.

మానలేకపోవడం గుణదోషం కాదు. పీల్చిన కొద్ది క్షణాలలోనే నికోటిన్ మెదడును చేరి తనకు బానిసను చేసుకొంటుంది. మానిన మొదటి రెండు మూడు రోజులు చిరాకు, నిద్రలేమి ఎక్కువగా ఉండి, కొన్ని వారాలలో తగ్గుముఖం పడతాయి. ఈ సంగతి తెలియనివారు “సిగ్గులేదా?” అని గద్దిస్తే, పెద్దాయన బీడీ మానడు, గడ్డివామి చాటుకు వెళ్ళి కాలుస్తాడు. “తాతా, నడిచేటప్పుడు ఆయాసం ఎక్కువవుతోందా? రేపు ఆసుపత్రికి నేనూ వస్తాను” అన్న మనుమడి మాటకు ఎక్కువ బలముంటుంది. అడగడం, హితవు చెప్పడం, సంసిద్ధతను తెలుసుకోవడం, తోడ్పడటం, మరల పలకరించడం అనే అయిదు మెట్లను వైద్యులు పాటిస్తారు. వీటిలో చివరి మెట్టు ముఖ్యమైనది. పలువురు మొదటి ప్రయత్నంలోనే విజయం పొందలేరు. తప్పిన అడుగును ఓటమిగా ఎంచరాదు.

బహిరంగ ప్రదేశాలలో ధూమపానాన్ని నిషేధించే నియమాలు 2008 అక్టోబరు 2 నుండి అమలులోనికి వచ్చాయి. మానదలచినవారికి సహాయపడే జాతీయ ఉచిత టెలిఫోన్ సేవ 2016లో ప్రారంభమైంది. దాని సంఖ్య 1800-11-2356. అయితే చట్టం ఇంటి అరుగుదాకా రాదు, ఫోను తనంతట తాను మోగదు. ఆ రెంటికీ నడుమ ఉన్న దూరాన్ని కుటుంబమే పూరించాలి. ఆలస్యం అమృతాన్ని విషంగా మారుస్తుందని పెద్దల మాట. పొగ మానే విషయంలో మాత్రం ఎంత ఆలస్యమైనా అమృతం అమృతమే.