నొప్పి మాత్రలు – పిల్లల ఒంట్లో ఐరన్



నెలసరి నొప్పి, తలనొప్పి, ఆటల్లో బెణుకు... ఏదైనా సరే, క్లాసు పోకూడదని ఇంట్లో ఉన్న మాత్ర ఒకటి ఇచ్చి పంపుతుంటాం. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు అప్పుడప్పుడూ ఇస్తే సాధారణంగా ఇబ్బంది ఉండదు. తరచూ వాడితే మాత్రం ఒంట్లో ఐరన్ తగ్గే అవకాశం ఉంది.

ఎలా తగ్గుతుంది?

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, మెఫెనమిక్ యాసిడ్, ఆస్పిరిన్ వంటివి నొప్పిని, వాపును తగ్గించే మందులు. నొప్పిని పెంచే ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా ఇవి అడ్డుకుంటాయి. అయితే కడుపు లోపలి పొరను యాసిడ్ నుంచి కాపాడేవి కూడా ప్రోస్టాగ్లాండిన్లే. ఆ రక్షణ తగ్గితే పొర దెబ్బతిని, కంటికి కనిపించనంత కొద్దికొద్దిగా రక్తం పోవచ్చు. ఒక మిల్లీలీటరు రక్తంతో దాదాపు అర మిల్లీగ్రాము ఐరన్ పోతుంది. మనం తిన్న ఐరన్‌లో కొంత భాగమే ఒంటబడుతుంది కాబట్టి ఆ లోటు త్వరగా పూడదు.

అమ్మాయిల విషయంలో మరింత జాగ్రత్త

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. నెలకు ఒకటి రెండు రోజులు మాత్ర వేసుకున్నంత మాత్రాన రక్తహీనత రాదు. కానీ నిల్వలు ముందే తక్కువగా ఉన్నప్పుడు ఏ చిన్న నష్టమైనా భారమే. అప్పుడు వచ్చే నీరసాన్ని, చదువు మీద నిలవని ధ్యాసను మనం బద్ధకమని కోప్పడతాం.

మీరు చేయగలిగినవి

• నెలలో ఎన్ని మాత్రలు వేసుకున్నారో క్యాలెండర్ మీద రాయండి. హాస్టల్లో ఉంటే ఫోన్ చేసినప్పుడు అడగండి.
• ఖాళీ కడుపుతో ఇవ్వకండి.
• స్ట్రిప్ మీద మందు పేరు చదవండి. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్‌తో పాటు పారాసెటమాల్ కూడా ఉంటుంది. పైన మళ్లీ పారాసెటమాల్ ఇస్తే డోసు పెరిగిపోతుంది.
• డెంగీ అనుమానం ఉంటే ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకండి. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.
• తోటకూర, శనగలు, నువ్వులు, తినేవారైతే మాంసం పెట్టండి. భోజనంలో నిమ్మరసం, తర్వాత జామకాయ ఇస్తే ఐరన్ బాగా ఒంటబడుతుంది. భోజనంతో పాటు టీ, కాఫీ వద్దు.

నల్లటి మలం, రక్తపు వాంతి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ముఖం పాలిపోవడం, మెట్లెక్కితే ఆయాసం ఉంటే డాక్టరును కలిసి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ పరీక్షల గురించి అడగండి. డాక్టరు రాసిన మందును సొంతంగా ఆపకండి, ఐరన్ మాత్రలను సొంతంగా మొదలుపెట్టకండి.

ప్రతి నెలా మాత్ర లేనిదే గడవడం లేదంటే, ఆ నొప్పికి కారణమేమిటో డాక్టరుకు చూపించి తెలుసుకోవాలి.